రుమాలులోని నాణెము

వాక్యభాగము: లూకా 19:11–27

ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట కానుకల సంచి విప్పునప్పుడు మా సంఘపు పెద్దలు నాణెములను రెండు కుప్పలుగా పోయుదురు. ఒకటి అంగడిలో చెల్లునవి, రెండవది పది రూపాయల బిళ్లలు. ఈ బిళ్లలు చెల్లవని ఎవరో పుట్టించిన వదంతి మన పల్లెలలో ఇంకను చావలేదు. అప్పటివరకు వెలువడిన 14 రకములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించినను, మా ఊరి కిరాణా కొట్టువాడు వాటిని చూచి ముఖము త్రిప్పుకొనును. కావున పెద్దలు వాటిని మూటగట్టి బ్యాంకునకు మోయుదురు.

గత నెలలో ఇట్టి మూట కట్టుచుండగా ఒక సహోదరుడు నాయొద్దకు వచ్చెను. గనిలో ఉద్యోగి, ముప్పదియైదేండ్లవాడు, భక్తిగలవాడు. మెత్తని గుడ్డలో చుట్టిన ఒక ప్లాస్టిక్ పలకను తీసి బల్లపై నుంచెను. దాని నడుమ అద్దమువలె మెరయుచున్న పెద్ద నాణెము. "అయ్యగారూ, దీన్ని దగ్గర పెట్టుకునుడు పాపమా?" అని అడిగెను.

అది నందమూరి తారక రామారావుగారి శతజయంతికి భారత ప్రభుత్వము వెలువరించిన నూరు రూపాయల నాణెము. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు దానిని విడుదల చేసిరి. హైదరాబాదు టంకశాలలో ముద్రింపబడినది. వెడల్పు 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. సగము వెండి, నూటికి నలువది పాళ్లు రాగి, తక్కినది నికెలు, జింకు. దాని ముఖముపై నున్నది నూరు రూపాయలే గాని, కొనబోయినవారు వేలు చెల్లించిరి. అది సంతలో తిరుగుటకు వదలినది కాదు. 1964లో నెహ్రూగారి జ్ఞాపకార్థము వచ్చిన నాణెములు చేతులు మారి అరిగినవి. ఇప్పటి యీ నూరు రూపాయల జ్ఞాపక నాణెములు మాత్రము పెట్టెలోనే పుట్టి పెట్టెలోనే యుండును.

ఆ సహోదరుడు నాకు ఓపికతో నేర్పెను. ప్రూఫ్ నాణెమనగా ప్రత్యేకముగా చేసినది. అచ్చును, బిళ్లను ముందుగా మెరుగుపెట్టి, సాధారణముగా ఒకటికంటె ఎక్కువమారులు గట్టిగా అచ్చువేయుదురు. అందువలన వెనుకటి నేల అద్దమగును, బొమ్మ మంచుపట్టినట్లు తెల్లగా నిలుచును. ఇక దానికి మార్కులు వేయు పద్ధతి వేరు. షెల్డన్ అను అమెరికా దేశస్థుడు 1949లో తన దేశపు పాత సెంట్ల కొరకు 1 మొదలు 70 వరకు ఒక కొలత ఏర్పరచెను. 70 గల నాణెము 1 గల నాణెమునకు డెబ్బది రెట్లు విలువ చేయునని అప్పటి లెక్క. ఇప్పుడు దానినే లోకమంతటి నాణెములకు వాడుచున్నారు. నాణెమును పంపినయెడల పరీక్షకులు భూతద్దముతో చూచి, అంకె వేసి, తెరువ వీలులేని ప్లాస్టిక్ పలకలో మూసి పంపుదురు. ఇంత నిక్కచ్చిగా దిద్దియున్నయెడల నేను సెమినారీలో ఉత్తీర్ణుడనగుట కల్ల.

ఈ సహోదరుని నాణెమునకు 69 వచ్చినది.

వెంటనే ఒక ప్రసంగము నా నోటికి వచ్చినది. భూమిమీద ధనము కూర్చుకొనవద్దనిన వాక్యము, చిమ్మట, తుప్పు. కాని అది న్యాయమని నాకు తోచలేదు. అతడు లోభి కాడు. దశమభాగము తప్పనివాడు. సిగరెట్టుకు, సారాయికి పోసిన డబ్బుకంటె ఇది మేలు గదా? మరియు వాడకమునుండి వేరుచేసి యుంచుట దానంతట అది తప్పు కాదు. మా ప్రభురాత్రి భోజనపు గిన్నెలో ఎవరును చాయ త్రాగరు. దాచియుంచుటలో గౌరవము కూడ ఉండవచ్చును.

తరువాత మినాల ఉపమానము తలంపునకు వచ్చినది. ఆ మూడవ దాసుడు తన మినాను రుమాలులో చుట్టి, గీత పడకుండ తిరిగి యిచ్చెను. షెల్డన్ లెక్కలో వానికి 70 వచ్చియుండును! అయినను యజమానుడు కోపించెను. కాని ఇదియు మన ప్రశ్నకు పూర్తిగా అతుకదు. ఆ మినా వ్యాపారము కొరకు ఇయ్యబడినది, ఈ నాణెము వ్యాపారము కొరకు చేయబడలేదు. వాక్యమును మనకు కావలసిన కొలతకు సాగదీయుట బోధకులకు సులభమైన పాపము. అందుచేత నేను ఊరకుంటిని.

ఊరకుండుట మేలైనది. అతడే చెప్పసాగెను. నాణెము ఇంటికి వచ్చిన దినమున, ఇంకను పలకలో మూయబడక ముందు, అతని తల్లి దానిని చేతిలోనికి తీసికొనెనట. ఆమె నలువది యేండ్లు బీడీలు చుట్టి అతనిని చదివించినది. "గిది అంగట్ల నడుస్తదా కొడుకా?" అని అడిగి, బొటనవ్రేలితో బొమ్మను తడిమినది. అతడు అరచి, ఆమె చేతినుండి లాగుకొనెను. తరువాత 69 అని వచ్చినప్పుడు, తగ్గిన ఆ ఒక్క అంకె అమ్మ వ్రేలివలననే తగ్గెనని ఇంటిలో అందరి యెదుట అనెను. అది నిజమో కాదో పరీక్షకులు చెప్పలేదు. ఆనాటినుండి ఆమె అతని బల్లయొద్దకు పోలేదు, ఏమియు అడుగలేదు.

అతడు అడుగవచ్చిన ప్రశ్న నాణెమును గూర్చి కాదని నాకప్పుడు తెలిసినది. కంటిని మచ్చ వెదకుటకే అలవాటు చేసినయెడల అది పలకయొద్ద ఆగునా? భార్య వంటలో, బిడ్డల మార్కులలో, తల్లి చేతిలో అదే వెదకును. నాణెమునకు మచ్చ లేకుండుట అందమే, కాదనను. కాని దానిని ఎవరును తాకనందున అది నిర్మలముగా నున్నది. తాకుచు, మోయుచు, అరిగిపోయినవారిని ఆ కొలతతో ఎట్లు కొలుతుము?

ఇది చెప్పుచునే నేను పట్టుబడితిని. నాయొద్ద మా తాతగారి హాలీ సిక్కా రూపాయి యొకటి కలదు. ఒకవైపు చార్మినారు బొమ్మ యుండును. దానిని గర్వముతో తీసి చూపితిని. అతడు మెల్లగా త్రిప్పి చూచి, "తోమిండ్రా అయ్యగారూ?" అనెను. చిన్నతనమున చింతపండుతో తోమితిని, నిజమే. తోమిన నాణెమునకు వారు అంకెయే వేయరట. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. అమ్మదలచినది కాదు, వెల యేమైనను నాకేమి? అయినను ఆ రాత్రి తాతగారి రూపాయి నా కంటికి కొంచెము చిన్నదిగా కనబడినది. నేనును దానిని రుమాలులోనే కట్టి యుంచితినని అప్పుడు జ్ఞాపకము వచ్చినది.

మరుసటి ఆదివారము అతడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. క్షమాపణ అడిగెనో లేదో నేనెరుగను, అడుగలేదు. ఆమె వరండాలో కూర్చుండగా నేను హాలీ రూపాయిని ఆమె చేతిలో పెట్టితిని. ఆమె చూపు సరిగా ఆనదు. బొటనవ్రేలితో తడిమి, నవ్వినది.

"గిసుంటియి మా అత్త మెడల పన్నెండుండె అయ్యగారూ, పేరు గుచ్చుకున్నది. డెబ్బై రెండు కరువుల ఒక్కొక్కటి తెంపి షావుకారుకు ఇచ్చి జొన్నలు తెచ్చుకున్నం. ఆఖరుకు దారమే మిగిలింది."

కుమారుడు ఇంతకుముందు ఈ సంగతి వినలేదు. ఆమె ప్రక్కన నేలమీద కూర్చుండి, "అన్ని పోయినయా అమ్మా?" అని అడిగెను. ఆమె వేళ్లు మడిచి, ఏ నెలలో ఏది తెంపిరో, దానికి ఎన్ని మానికల జొన్నలు వచ్చినవో చెప్పసాగెను. ఆ రూపాయి ఆమె చేతిలోనే యుండెను. నేను లోపలికి పోయి కానుకల లెక్క వ్రాసికొంటిని.