తీరము, తీరవాసి

ముంబయి నుండి గోవాకు పోవు మార్గములలో రెండు ఇవి. ఒకటి సహ్యాద్రి ఘాట్ల మలుపులు తిరుగుచు, సావిత్రి, వాశిష్ఠి నదులను దాటు రహదారి. రెండవది అరేబియా సముద్రముపై ఓడదారి. ఓడపైనుండి చూచువానికి కొంకణమంతయు ఒక్క చిత్రముగా కనిపించును: కొబ్బరితోపులు, ఎర్రమట్టి కొండలు, నీటిలోనికి చొచ్చుకొని నిలిచిన విజయదుర్గపు కోట. ఆ సౌందర్యము నిజము. దానిని అనుభవించుట దోషమని ఎవ్వరును అనజాలరు.

అయినను ఆ నీటికి మరొక జ్ఞాపకము కలదు. బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు కొంకణ కార్మికులు ఒకప్పుడు సెలవులకు ఇల్లు చేరినది తీరపు స్టీమర్లలోనే. 1947 జులై 17న బొంబాయి నుండి సమీపముననున్న రేవసుకు బయలుదేరిన ‘రామదాస్’ మునిగి, ఆరువందలకు పైగా జనము మరణించిరి. వారికి తీరము దృశ్యము కాదు, ఇల్లు. 2018లో ముంబయి, గోవాల మధ్య విహారనౌక బయలుదేరినది. నీరు అదియే, ప్రయాణికుని అవసరము మారినది.

రహదారిన పోవువాడు టీదుకాణము వద్ద ఆగినచో, “ఏ ఊరు మీది? ఎవరింటికి?” అని ఎవరో ఒకరు అడుగుదురు. ఆ ప్రశ్నతో, అంతవరకు చూచుచున్నవాడు తానును చూడబడును, జవాబు చెప్పవలసినవాడగును. ఓడపై నున్నవానిని తీరము ఏమియు అడుగజాలదు. దూరమిచ్చు సౌందర్యములోని లోపమిదియే: అది చూచువానిని ప్రశ్న నుండి తప్పించును.

అందుచేత ఓడను విడువనక్కరలేదు. కాని దూరమునుండి చూచిన ఊరిలో ఒక్కసారియైనను దిగి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడే ఆ తీరమును చూచితినని చెప్పుకొనదగినవాడు.