పాత కారు, కొత్త కంప్యూటరు: నిజాయితీ ఎక్కడున్నది?



బంగారు గనుల ఊరిలో పుట్టి పెరిగిన మనకు "అసలు", "నకిలీ" అను మాటలు కొత్తవి కావు. అయితే ఒక వస్తువును అసలుదని చెప్పుటకు దానిలో ఏది మారకుండ ఉండవలెను? పాత కార్లను బాగుచేయు మెకానిక్కులకు ఈ ప్రశ్న తరచుగా ఎదురగుచున్నది. మారికుప్పము రైలెక్కి బెంగళూరుకు పనికి పోవు మన యౌవనస్థులలో ఎవరైనా అటువంటి షెడ్డులో పని చేయుచున్నచో, వారికి ఇది ఉత్త ఊహ కాదు, అన్నము పెట్టు పనిలో వచ్చు ప్రశ్న. కనుక కొంచెము నిదానముగా ఆలోచింతము.

మొదట సంగతి ఏమిటో తెలిసికొందము. 1967లో జర్మనీ దేశపు బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అను ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజెక్షను పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో ప్రవేశపెట్టినది. తరువాత అది వోల్వో 1800ఇ, పోర్షె 914, కొన్ని మెర్సిడెస్ కార్లలోకి కూడ వచ్చినది. మన దేశములో పెట్రోలు అంబాసిడరు కార్బురేటరుతో నడుచుచుండిన ఆ దినములలోనే, ఈ కార్లలో ఒక చిన్న పెట్టె ఇంజనుకు ఎంత పెట్రోలు కావలెనో లెక్క కట్టుచుండెను. దానిలో మైక్రోప్రాసెసరు లేదు. ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, రెసిస్టర్ల వంటి భాగములే ఉండెను. ఇంజను గాలి పీల్చు గొట్టములోని ఒత్తిడిని, ఇంజను వేగమును, వేడిని తెలిసికొని, ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకండ్లు తెరిచియుండవలెనో నిర్ణయించుట దాని పని.

ఆ కార్లకు ఇప్పుడు యాభై ఏండ్లు దాటినవి. వైర్లు పెళుసెక్కును, కెపాసిటర్లు ఎండిపోవును, సాల్డరింగు విడిపోవును, ఒత్తిడిని కొలుచు సెన్సరులోని పలుచని పొర పగులును. సరియైన భాగములు దొరకుట కష్టము. దొరికినను వెల ఎక్కువ. మరొక ప్రక్క 2001లో మొదలైన మెగాస్క్విర్ట్ వంటి కొత్త కంప్యూటర్లు ఉన్నవి. లాప్‌టాప్ తగిలించి పెట్రోలు లెక్కను మనమే సరిచేయవచ్చును. పొగగొట్టములో ఆక్సిజను సెన్సరు అమర్చినచో లెక్క తప్పినది లేనిది తెలియును. కారు సులభముగా స్టార్టగును, పెట్రోలు వాసన తగ్గును, ఘాటు రోడ్డులో నడుమ ఆగిపోవునన్న భయము ఉండదు.

ఇట్లు మార్చుట తప్పా? కొందరు తప్పే అందురు. వారి మాటలో బలమున్నది. మైక్రోప్రాసెసరు లేని కాలములో ఇంజనీర్లు ఎట్లు ఆలోచించిరో ఆ పాత పెట్టె సాక్ష్యమిచ్చుచున్నది. దానిని పారవేసినచో ఆ సాక్ష్యము పోవును. ఇంకొక మాట. మెకానిక్కు తనకు అర్థము కాని దానినెల్ల "కంప్యూటరు పోయినది" అనుట వాడుక. ఈ పాత కార్లలో చాలసార్లు కంప్యూటరు బాగుగానే ఉండును. తప్పు వైరులోనో, కనెక్టరులోనో, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లలోనో ఉండును. పరీక్షించకుండ తీర్పు తీర్చుట మనుష్యుల విషయములో ఎంత అన్యాయమో, యంత్రము విషయములో కూడ అంతే. పైగా కొత్తదంతయు మేలైనది కాదు. లెక్క తప్పుగా ఎక్కించి పెట్రోలు మరీ తగ్గించినచో పిస్టను కాలిపోవచ్చును.

అయినను మార్పే పాపమనుటకు మన ఊరి చరిత్ర ఒప్పుకొనదు. 1902లో కావేరి మీద శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల తీగల వెంట కరెంటు కోలారు గనులకు వచ్చినది. ఆవిరితో నడిచిన యంత్రములు ఒక్కొక్కటిగా కరెంటుకు మారినవి. గని మారిపోయినదని ఎవరైన అనిరా? గని గనిగానే ఉండెను, పని మాత్రము తేలికైనది. దీనికి మారుగా 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పంపులు ఆగిన తరువాత షాఫ్టులలో నీరు నిండినది. పైన నిలిచిన ఇనుప కట్టడములు అసలువే. కాని వాటి క్రింద దిగువాడు లేడు. భాగములన్నియు అసలువై ఉన్నంత మాత్రమున ఆ వస్తువు బ్రదికియున్నదని చెప్పజాలము. నడుచుటకు చేసిన కారును నడిపించుట దానికి చేయు గౌరవమే.

అయితే తప్పు ఎక్కడ మొదలగును? దీనికి మన బంగారమే జవాబు చెప్పును. 22 క్యారెట్ల నగలో 24 పాళ్లకు 2 పాళ్లు వేరే లోహము కలియును. మెత్తని బంగారము నిలుచుటకు అది కావలెను. అందులో మోసము లేదు. దాని మీద 916 అని ముద్ర వేసి అమ్మువాడు నిజాయితీపరుడు. అదే నగను 24 క్యారెట్లని అమ్మువాడు దొంగ. రెండు నగలలోను లోహము ఒక్కటే. వేరైనది చెప్పిన మాట.

కార్ల విషయములో ఇది నిజముగా శోధించు చోటొకటి కలదు. కొందరు పాత పెట్టెను విప్పి, లోపలిదంతయు తీసివేసి, కొత్త సర్క్యూటును అమర్చి, మరల మూత బిగింతురు. పైకి అంతయు అసలుదే. కారు అందము చెడకూడదని చేసినచో అది మంచి పనితనమే. కాని ఆ కారు రేపు చేతులు మారును. కొనువాడు మూత చూచి అసలుదని నమ్మి లక్షలు ఎక్కువ ఇచ్చును. అమ్మువాడు నోరు తెరచి అబద్ధమాడలేదు, ఆ మూతచేత ఆడించెను. మెకానిక్కు సంగతి ఏమి? యజమాని చెప్పినట్లు చేసితినని అతడు తప్పించుకొనలేడు. ఆ మూత బిగించిన చేయి తనదే గదా.

పెద్దలు దీనికి మార్గము చూపిరి. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో టూరిన్ ఛార్టరును ఆమోదించినది. చేసిన మార్పు తిరిగి తీయదగినదిగా ఉండవలెననియు, తీసిన అసలు భాగములను వాహనముతోనే భద్రపరచవలెననియు, చేసిన పనిని వ్రాసియుంచవలెననియు దాని సారము. మన దేశములో 2021 జూలైలో వచ్చిన నియమముల ప్రకారము, యాభై ఏండ్లు దాటి అసలు రూపములో ఉన్న వాహనమునకే వింటేజి రిజిస్ట్రేషను దొరకును. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు ఉండరాదు. ఇంజనును నడుపు కంప్యూటరు ఈ లెక్కలోనికి వచ్చునా రాదా అని సందేహము కలిగినచో, ఆఫీసులో ఉన్న సంగతి చెప్పి అడుగుటయే మేలు.

కనుక ఈ పనిలో నున్న సహోదరులకు ఒక మనవి. మొదట పరీక్షించుడి. బాగుచేయగలిగినదానిని బాగుచేయుడి. మార్చవలసి వచ్చినచో పాత వైరింగును కోయకుండ మార్చుడి. తీసిన కంప్యూటరును గుడ్డలో చుట్టి యజమాని చేతికే ఇయ్యుడి. ఏమి మార్చితిరో, ఏ తేదీన మార్చితిరో ఒక కాగితము మీద వ్రాసి, సంతకము చేసి, ఆ పెట్టె మూత లోపల అంటించుడి. ఇరువది ఏండ్ల తరువాత ఎవరో ముఖము తెలియని మెకానిక్కు ఆ మూత విప్పును. ఆ కాగితము చదివి, తనకు ముందు పని చేసినవాడు నమ్మదగినవాడని తెలిసికొనును. ఆ కారు కొన్నవాడు కూడ మోసపోడు.