రాళ్ళు మోసినవారి పేర్లు

ధ్యానమునకు: మార్కు 12:41 – 13:2



శంషాబాదు దగ్గరి మా పల్లె సంఘస్థులము కొందరము ఇటీవల సికింద్రాబాదులోని పాత దేవాలయములను చూడబోయితిమి. 2008లో మా చేల చెంత విమానాశ్రయము తెరువబడినది మొదలు, దేశదేశముల జనులు మా తలల మీదుగా వచ్చి పోవుచున్నారు. పాత పట్టణములను చూచుటకు వారు సముద్రములు దాటుచుండగా, మన వాకిట నున్నవాటిని మనము చూడలేదే అనిపించి బయలుదేరితిమి.

మన పెద్దలు లష్కరని పిలిచిన ఊరు అది. 1798లో నిజాముతో జరిగిన ఒడంబడిక వలన ఇంగ్లీషు దండు హుస్సేన్ సాగరమునకు ఆవల విడిసెను. 1806లో సికందర్ జా పేరు ఆ ఊరికి వచ్చెను. నాటి జేమ్స్ వీధి నేడు మహాత్మాగాంధీ రోడ్డు. కింగ్స్‌వే నేడు రాష్ట్రపతి రోడ్డు. వీధుల పేర్లు మారినవి గాని దేవాలయములు నిలిచియున్నవి. సెయింట్ జాన్ దేవాలయము 1813 నాటిది. బొల్లారములోని హోలీ ట్రినిటీ దేవాలయము 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత ధనముతో కట్టబడినదని చెప్పుదురు. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి అక్కడ ఆరాధనకు వచ్చెను.

ఒక దేవాలయములో గోడలకు బిగించిన పలకలను నేను మావారికి చదివి వినిపించుచుంటిని. అన్నియు దొరల పేర్లు, వారి హోదాలు, మరణించిన తేదీలు. మాతో వచ్చిన ఒక అవ్వ చిన్ననాట రాళ్ళు మోసి బ్రదికినది. ఆమె అడిగెను: “బిడ్డా, గీ రాళ్ళు మోసినోళ్ళ పేర్లు ఏడున్నయ్?”

నేను తడుముకొనక, “అవ్వా, వాళ్ళ పేర్లు పరలోకములో ఉన్నయ్” అంటిని. అవ్వ కొంచెముసేపు ఊరకుండి, “నిజమే బిడ్డా. మరి ఈడ రాయొద్దన్నరా?” అనెను.

ఆ ప్రశ్న నాతో ఇంటికి వచ్చినది. మన పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషింపుమని ప్రభువు లూకా 10:20లో శిష్యులకు చెప్పెను. అది ఎంతో గొప్ప ఓదార్పు. కాని నేను దానిని ఓదార్పుగా చెప్పలేదు, నెపముగా చెప్పితిని. దేవుడు జ్ఞాపకముంచుకొనును గనుక మనము మరచిపోవచ్చునా?

మార్కు సువార్తలో చూడుడి. శిష్యుడొకడు దేవాలయపు రాళ్ళను చూపి ఆశ్చర్యపడెను. దానికి కొంచెము ముందే ప్రభువు అదే దేవాలయములో ఒక బీద విధవరాలిని కనిపెట్టి, శిష్యులను పిలిచి ఆమెను చూపెను. చోటు ఒక్కటే, చూపులు రెండు.

అయితే పాలకులు కట్టించిన ఆలయములను ద్వేషింపవలెనా? కూడదు. నేడు వాటిలో మోకరించువారు మన జనులే. అందమును చూచి సంతోషించుట పాపము కాదు. అందము దగ్గరనే ఆగిపోవుట లోపము. మెదకు దేవాలయమును తలచుకొనుడి. కరవు దినములలో ఆకలిగొన్న పల్లె జనులకు పనియు తిండియు దొరకునట్లు పోస్నెట్ దొర దానిని కట్టించెను. 1924 క్రిస్మసు నాడు అది ప్రతిష్ఠింపబడెను. 175 అడుగుల ఆ గోపురమును చూచి మనము మురిసిపోవుదుము. దొర పేరు మనకందరికి తెలియును. అక్కడ రాయి మోసి బిడ్డలకు గంజి పోసిన తల్లులలో నలుగురి పేర్లయినను చెప్పగలవారు మనలో ఎందరు?

దొరలను తప్పుపట్టుట సులభము. మా పల్లె మందిరపు గోడకును ఒక పలక కలదు. దానిమీద చందా ఇచ్చినవారి పేర్లున్నవి. అందులో నా పేరును కలదు. మేస్త్రీ పేరు లేదు. ఆయన కూలి కొంత చాలనాళ్ళు నిలిపియుంచితిమని కూడ నేను ఒప్పుకొనవలెను. బిగబట్టిన కూలి మొఱపెట్టునని యాకోబు 5:4 హెచ్చరించుచున్నది.

కాబట్టి సహోదరులారా, పాత దేవాలయములను చూడబోవుడి, పిల్లలను వెంట తీసికొనిపోవుడి. గోపురమును చూపిన పిమ్మట, రాళ్ళను పట్టిచూపి, వీటిని మోసిన చేతులు ఎవరివని అడుగుడి. మీ ఊరి మందిరమునకు ఈసారి సున్నము వేయునప్పుడు, వేయువాని పేరు అడిగి తెలిసికొనుడి. ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇయ్యుడి. ఆదివారము ప్రార్థనలో ఆ పేరు పలుకుడి. మా మేస్త్రీ పేరు పలకమీద చెక్కింపవలెనని మా సంఘపు పెద్దలను అడిగియున్నాను. ఆ మొదటి అక్షరము చెక్కునప్పుడు అవ్వను పిలిచి చూపింతును.