లక్కమ్మ చూపిన శాంతిమార్గము

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



శాంతిని కోరని మానవుడు లేడు. ధనము కోరువాడు ధనమువలన శాంతి కలుగునని తలచియే దానిని కోరుచున్నాడు. పదవి కోరువాడును, సంతానము కోరువాడును అంతే. తుదకు కలహమునకు కాలుదువ్వువాడు సైతము ఎదుటివానిని గెలిచిన పిదప మనస్సు కుదుటపడునని నమ్మియే కలహించుచున్నాడు. ఇందరు కోరుచున్న యీ వస్తువు ఇంత కొద్దిమందికే దక్కుట యెందువలన? వెదకుచున్న చోటనో, వెదకుచున్న తీరుననో పొరపాటు ఉండవలయును.

సంసారి సాధారణముగా అనుకొను మాట ఒకటి కలదు. ఇంటిలో శాంతి లేదు, పనిలో శాంతి లేదు. ఏదేని క్షేత్రమునకు పోయి నాలుగు దినములు ఉండి వచ్చినచో మనస్సు నిమ్మళించును అని. క్షేత్రదర్శనము మంచిదే. శ్రీశైలమున మల్లికార్జునుని సన్నిధిని నిలిచినవాని మనస్సు చల్లబడుట నిజమే. కాని బస్సు దిగి యింటి గడప త్రొక్కినంతనే ఆ చల్లదనము ఆవిరియగుచున్నచో అది వానివెంట వచ్చిన శాంతి కాదు. కొండమీదనే ఉండిపోయిన శాంతి.

వీరశైవుని విషయమున ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును. అతడు ఆరాధించు ఇష్టలింగము గర్భాలయమున నిలిపినది కాదు. గురువు కరతలమున ఉంచి అనుగ్రహించినది; శివదారమున అతని యెదపై నిలిచినది. అతడు పొలమునకు పోయినచో పొలమునకు, అంగడికి పోయినచో అంగడికి, కచేరికి పోయినచో కచేరికి ఆ లింగము వచ్చుచున్నది. స్త్రీకిని లింగధారణాధికారము గల మతము గనుక వంటయింటి పొగలోను తల్లివెంట అది యున్నది. దైవము ఇన్ని చోట్లకు వెంట నడచుచుండగా శాంతి మాత్రము పూజగది గడప దాటకుండుట యేమి?

ఈ ప్రశ్నకు సమాధానము 12వ శతాబ్దమున కల్యాణపట్టణమున జీవించిన ఒక పేదదంపతుల చరిత్రలో కలదు. వారు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. కన్నడమున ‘ఆయ్దక్కి’ యనగా ఏరిన బియ్యము. వారి కాయకమే వారి పేరునకు ముందు నిలిచినది. రాయచూరు సీమయందలి అమరేశ్వరము వారి స్వస్థలము. అమరేశ్వరలింగనామమే వారి వచనములకు ముద్ర. బసవేశ్వరుని కీర్తి విని వారు కల్యాణమునకు వచ్చి నివసించిరి.

బసవేశ్వరుని మహామనెయందు నిత్యము జంగమదాసోహము జరుగుచుండెను. అచ్చటి ముంగిట చిందిపడిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని చెరిగి వండి జంగములకు సమర్పించుట లక్కమ్మ కాయకము. పిదప ప్రసాదముగా లభించినదే వారి భోజనము. ఒకరికి పెట్టి తాము తినుటకు ఏరిన గింజలే చాలినవి. నేటి లెక్కలో వారు నిరుపేదలు. శరణుల లెక్కలో వారిది కొరతలేని సంసారము.

ఒకనాడు మారయ్య శరణులగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. శివానుభవమును గూర్చిన చర్చ యది; అల్లమప్రభువు, బసవేశ్వరుడు వంటి మహానుభావులు మెలగిన కాలమది. అట్టి గోష్ఠిలో కూర్చున్నవానికి పొద్దు తెలియకపోవుటలో వింత లేదు. అప్పుడు లక్కమ్మ కాయకము నిలిచిపోయినదని జ్ఞాపకము చేసి, లేచి పనికి పొమ్మని భర్తను హెచ్చరించెను. శూన్యసంపాదన యను గ్రంథము ఈ దంపతుల చరిత్రను ఆదరముతో చెప్పుచున్నది.

లక్కమ్మ గోష్ఠిని ద్వేషించినది కాదు. ఆమె చూచినది వేరొకటి. మారయ్య అచ్చట సుఖముగా కూర్చున్న ప్రతి గడియయు దాసోహమునకు వచ్చు జంగముడు ఆకలితో వేచియుండు గడియ. తాను చేయవలసిన పనిని విడిచి పొందిన ఆనందము ఎంత ఉన్నతముగా కనబడినను, దాని మూల్యమును మరియొకరు చెల్లించుచున్నారు. అట్టి ఆనందము శివార్పణమునకు తగదు.

ఈ మాట నేటి గృహములకు ఎంతగా అన్వయించునో ఆలోచింపుడు. ఉదయమున లింగపూజకు కూర్చున్న యజమానుడు చుట్టును నిశ్శబ్దము కోరును. బిడ్డ ఏడ్చినచో కన్ను తెరచి ఇల్లాలివైపు కోపముగా చూచును. బడికి పోవు పిల్లలకు అన్నము, మంచమున నున్న అత్తగారికి వేడినీరు, పూజకు పుష్పము, పత్రి, ఇవన్నియు ఆమె యొక్కతె చేతిమీదుగా జరుగవలయును. ఆమె కంఠమునను లింగమున్నది. ఆమె పూజకు వేళ యెప్పుడు? యజమానుడు అరగంట శాంతిని పొంది, విభూతిరేఖలతో చిరునవ్వుతో లేచుచున్నాడు. ఆ అరగంట భారమును మోసినామె అలసి, విసిగి, దినమంతయు ఆ విసుగును మోయుచున్నది. సాయంకాలమునకు ఆ విసుగు మాటలలో బయటపడినచో, ఇంటిలో శాంతి లేదని ఆయనయే నిట్టూర్చుచున్నాడు! అట్టి గృహస్థుడు పూజకు ముందు నీళ్లు తోడి, బిడ్డకు తలదువ్వి, తల్లికి తానే వేడినీరు అందించి, ఇల్లాలికిని ఒక అరగంట పూజకు విడిచియిచ్చినచో అది పూజకు భంగము కాదు. పూజ అచ్చటనే ప్రారంభమైనది.

చేయవలసిన పనిలో తక్కువ చేయుట అశాంతికి మొదటి ద్వారము. రెండవ ద్వారము తన కొలతకు మించి తెచ్చుకొనుట. దానినిగూడ లక్కమ్మయే చూపినది.

మరియొకనాడు మారయ్య తెచ్చిన మూట నిత్యముకంటె బరువుగా నుండెను. ఆ దంపతుల పేదరికము చూచి జాలిపడి బసవేశ్వరుడే గింజలను హెచ్చుగా చల్లించెనని చెప్పుదురు. మూట చూడగానే లక్కమ్మకు సంగతి తెలిసినది. ఈ ఆశ ఎవరి మనస్సున పుట్టినదని ఆమె భర్తను నిలదీసి ప్రశ్నించెను. నిత్యపు కొలతకు మించినదానిని ఎచ్చటినుండి తెచ్చితివో అచ్చటనే మరల పోసి రమ్మని పంపెను. మారయ్య మారుమాటాడక వెనుదిరిగెను.

గుప్పెడు బియ్యము హెచ్చుగా వచ్చినంతమాత్రమున ఏమి మునిగిపోవును అని అడుగువారు ఉందురు. మునిగిపోవునది శాంతియే. ఆ బియ్యముతోబాటు పిలువని చుట్టములు ఇద్దరు ఇంటికి వచ్చుచున్నారు. ఒకరు దాచుకొనవలెనను చింత. రెండవవారు రేపు తగ్గునేమోయను భయము. నిన్నటివరకు చాలినది నేడు చాలకుండును. మూటను చూచినప్పుడు లక్కమ్మ లెక్కించినది గింజలను కాదు, ఆ చుట్టములను.

ఇరుగుపొరుగు సంసారములను పరికించినచో ఈ సంగతి విశదమగును. బిడ్డ పెండ్లి పదిమంది మెచ్చునట్లు చేయవలెనని తండ్రి అప్పు చేయును. పందిరి విప్పిన పిదప మెచ్చినవారెవరును కనబడరు; వడ్డీ మాత్రము నెలనెలకు తలుపు తట్టును. పొరుగువాడు రెండవ అంతస్తు లేపినాడని ఒకని నిద్ర చెడును. ఒకరి బిడ్డకు వచ్చిన మార్కులు మరియొకరి బిడ్డకు శిక్షయగును. తెల్లవారి లింగదర్శనమునకు ముందే సెల్‌ఫోను తెరచి, ఎవరి యింట ఏ వేడుక జరిగినదో చూచి, తనకు లేనిదానిని లెక్కించుకొని మంచము దిగువారును పెరిగిరి. ఇందు ఏదియు శత్రువు చేసిన కీడు కాదు. కొలతకు మించిన మూటను తామే భుజముపై పెట్టుకొని, బరువుగా నున్నదని వగచుటయే.

ఈ మితధర్మమునకు బసవేశ్వరుని జీవితమే గొప్ప నిదర్శనము. ఆయన అడవిలో కూర్చున్న తపసి కాడు. బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచిన మంత్రి. చేతికింద రాజధనము, చుట్టును అసూయాపరులు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు జానుతెనుగున ద్విపదగా రచించిన బసవపురాణమున ఒక కథ కలదు. బసవన్న రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలునికి కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. చూడగా ధనమున కొదువ కనబడలేదు. పురాణము దానిని శివమహిమగా వర్ణించును. గృహస్థుడు దానినుండి గ్రహింపదగిన నీతియు ఒకటి కలదు. పరులసొమ్మును తాకనివానికి లెక్క అడుగువాని రాక పిడుగుపాటు కాదు. తూకపురాయి సరిగా నున్న వర్తకుడు తనిఖీదారుని చూచి వణకడు. శుద్ధమైన కాయకమునుండి వచ్చు ధైర్యము శాంతికి మరొక పేరు. ఈ తెలుగు పురాణమును భీమకవి 1369లో కన్నడీకరించెను. కల్యాణమున పుట్టిన వెలుగు తెలుగునేలపై కావ్యమై మరల కన్నడసీమకు చేరినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. తృప్తిని బోధించుట సులభము. ఎవరికి బోధించుచున్నామో గమనించుట కష్టము. కూలిడబ్బులు చేతికి రాని శ్రామికునితో, ఉన్నదానితో తృప్తిపడుమని యజమాని పలికినచో అది శరణధర్మము కాదు. ధర్మమును అడ్డుపెట్టుకొని చేయు అన్యాయము. లక్కమ్మ తన మూటను తాను తూచుకొన్నది. పక్కింటి మూటను తూచలేదు. ఖాళీ కుండ గలవానిని మరల పోసి రమ్మని ఆమె యెన్నడును అనలేదు. కాయకమునకు తగిన ఫలము కూలివానికి దక్కవలయును. మిగిలినది దాసోహమున పదిమందికి చేరవలయును. ఒకని కొలతకు మించినది సాధారణముగా మరియొకని కొలతకు తగ్గినదే. కావున కూలిని ఎగబెట్టినవాడు ధ్యానమున ఎంతసేపు కూర్చున్నను శాంతి రాదు. వాని శాంతి ఆ కూలివాని బాకీలో చిక్కుకొని యున్నది. దానిని చెల్లించిన దినమున అది విడుదలయగును.

అత్యాశవలన కాక వచ్చు దుఃఖములును ఉన్నవి. బిడ్డ జబ్బుపడును, పంట ఎండిపోవును, జీవితసహచరి కన్నుమూయును. అట్టివారితో మితమును గూర్చి మాటాడుట క్రూరము. ఆ దుఃఖమును కాదనుట భక్తి కాదు, కన్నీరు కార్చుట అపచారమును కాదు. అయినను అందును లక్కమ్మ పాఠము కొంత ఆదుకొనును. వైద్యుని పిలుచుట, మందు వేళకు ఇచ్చుట, రోగి చేయి పట్టుకొని కూర్చుండుట నేటి కాయకము. మరునాడు ఏమగునో, మరుసటి సంవత్సరము ఏమగునో అను భారము నేటి గింజలలో చేరినది కాదు. దానిని లింగమునకు అప్పగింపవచ్చును. ప్రసాదభావమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. చేయవలసినదంతయు చేసి, వచ్చినదానిని శివుడిచ్చినట్లు చేతులు చాచి అందుకొనుట. అట్టి వేళ తోడివారు చేయవలసిన కాయకమును ఒకటి కలదు. దుఃఖించువాని యింటికి వేదాంతమును కాదు, వండిన అన్నమును తీసికొని పోవలయును.

ఈ మార్గమును నిత్యజీవితమున ఆచరించుటకు పెద్ద సన్నాహము అక్కరలేదు. రాత్రి శయనించుటకు ముందు ఇష్టలింగమును వామకరతలమున నుంచుకొని, దృష్టి నిలిపి, మూడు ప్రశ్నలు వేసికొనవలయును. నేడు చేయవలసిన కాయకమున దేనిని విడిచితిని? దాని భారము ఎవరిపై పడినది? నేడు నా కొలతకు మించి దేనిని తెచ్చుకొంటిని? తెచ్చుకొన్నది ధనమే కానక్కరలేదు. మితిమీరిన మాట కావచ్చును, పరనింద కావచ్చును, పరులకు చెందవలసిన మెప్పు కావచ్చును. జవాబు దొరికినచో తెల్లవారిన వెంటనే దానిని దాని చోట మరల చేర్చవలయును. సొమ్మైనచో సొమ్ము, మాటయైనచో క్షమాపణము, మెప్పైనచో నలుగురియెదుట అసలు చేసినవాని పేరు చెప్పుట.

తెచ్చుకొనునప్పుడు త్రోవ దగ్గరగానే యుండును. మరల ఇచ్చుటకు పోవునప్పుడు అదే త్రోవ దూరముగా తోచును. అభిమానము అడుగడుగున కాలికి అడ్డుపడును. మారయ్యకును మూటతో వెనుకకు నడచుట సులభమై యుండదు. కాని ఆ నడకలో మూటలోని హెచ్చు గింజలతోబాటు మనస్సునందలి చింతయు భయమును దిగిపోవును. ఇంటికి తిరిగి వచ్చువాని చేతిలో ఆనాటికి చాలినంతయే యుండును. ఆ చాలుననుటయే శాంతి.

బసవాది ప్రమథుల కృపవలన అట్టి శాంతి ప్రతి గృహమునను, ప్రతి కాయకమునను నెలకొనుగాక!

శరణు శరణార్థి.