అర్థాంతరం

తపాలా బిళ్ళలు సేకరించేవానికి ఒక పుస్తకం, ఒక పట్టకారు, ఒక భూతద్దం చాలు, తోడు అక్కరలేదు. అయినా సేకర్తలు సంఘాలుగా కూడుతూనే ఉంటారు. దొరికిన వస్తువును విలువ తెలిసినవానికి చూపితే గాని తృప్తి కలుగదు. అలా కూడినచోట మాటలు బిళ్ళల దగ్గరే నిలువవు. అవి ధరవరలకు, ఎన్నికలకు, మతానికి ప్రాకుతాయి, స్వరాలు హెచ్చుతాయి. అంతట ఎవరో ఒకరు "ప్రస్తుతానికి రండి" అని హెచ్చరిస్తారు. ఈ హెచ్చరిక ఎంతవరకు ధర్మం?

శాస్త్రప్రమాణం హెచ్చరించినవాని పక్షాననే ఉన్నట్లు తోస్తుంది. గౌతముని న్యాయసూత్రాలు వాదంలో పరాజయానికి 22 నిగ్రహస్థానాలను పేర్కొన్నాయి. వాటిలో 'అర్థాంతరం' ఒకటి: ప్రకృతాన్ని విడిచి, సంబంధం లేని మాట ఎత్తినవాడు ఓడినట్లే. కాని ఆ సూత్రాలే చర్చను మూడు విధాలుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోరేది వాదం. జయం కోరేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలుపక, ఎదుటి పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండ. చరకసంహిత కూడ వైద్యుల చర్చలను గూర్చి చెబుతూ, మైత్రితో సాగే సంధాయసంభాషను, కలహబుద్ధితో సాగే విగృహ్యసంభాషను వేరుచేసింది. మొదటిదానిలో ఓటమికి జంకరాదు. ఎదుటివానిని ఓడించి పొంగిపోరాదు. ప్రాచీనులు విషయాన్ని ఎంతగా పట్టించుకొన్నారో, మాట్లాడేవాని ఉద్దేశాన్నీ అంతగా పట్టించుకొన్నారు.

1948 ఆగస్టు 15న భారత ప్రభుత్వం గాంధీజీ స్మారకంగా నాలుగు బిళ్ళలు వెలువరించింది. వాటిపై 'బాపూ' అన్న పేరు నాగరిలోనూ, ఉర్దూలోనూ ఉన్నది. నాసికులో ప్రభుత్వ ముద్రణాలయం ఉండగా, వాటిని స్విట్జర్లండులో అచ్చు వేయించారు. అట్టి బిళ్ళను నలుగురి ముందు పెట్టి, కాగితాన్ని గూర్చి, రంగును గూర్చి మాత్రమే మాట్లాడమంటే సాధ్యమా? స్వదేశీ వ్రతం పట్టినవాని బొమ్మ విదేశంలో ఎందుకు అచ్చయినదని ఒకరు అడుగుతారు. రెండు లిపులను చూచి మరొకరికి 1947 నాటి విభజన స్ఫురిస్తుంది. ఆ ఏడు ఇల్లు విడిచి వచ్చిన కుటుంబంవాడైతే కంఠం వణుకుతుంది. ఇది అర్థాంతరం కాదు. ఆ చిన్న కాగితంలోనే ఉన్న అర్థం.

అయితే వేరొక పెడదారి ఉన్నది. బిళ్ళ నకిలీదని ఆధారం చూపితే, సమాధానం చెప్పలేక, చూపినవాని కులాన్నో పార్టీనో ఎత్తిపొడిచేవాడు ఉంటాడు. గౌతముడు చెప్పిన ఓటమి అతనిదే. నియమం చేతిలో ఉన్నవానికీ దోషం అంటవచ్చు. తనకు నచ్చిన రాజకీయం నడిచినంతసేపు ఊరకుండి, నచ్చనిది వినబడగానే "ప్రస్తుతానికి రండి" అనడం నియమపాలన కాదు, పక్షపాతం.

మౌనం కోరేవానికీ ఒక న్యాయమున్నది. వారమంతా వీధిలో, కచేరీలో కలహాలు విని విసిగినవాడు ఆ సాయంకాలం విశ్రాంతి కోసమే వస్తాడు. అతనిని బలవంతాన వాదంలోకి ఈడ్చడం దౌర్జన్యమే. అతడు "ఇక చాలు" అంటే మాట ఆపినవాడు దేనినీ కోల్పోడు.

భిన్నాభిప్రాయాలు గలవారు ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోట్లు ఏ సమాజంలోనూ విస్తారంగా ఉండవు. ఒక స్వల్పమైన అభిరుచి అట్టి చోటును కల్పించింది. అక్కడ గెలిచిన వాదం కంటె, ఓడినవాడు మరుసటి వారం తిరిగి రావడం విలువైనది. అతని కుర్చీ ఖాళీగా ఉంటే, కొత్తగా దొరికిన బిళ్ళను ఎవరికి చూపడం?