ఊరియా పేరు

మత్తయి సువార్త మొదట్లో వచ్చే వంశావళిని చాలామంది చదవకుండా దాటేస్తారు. పేర్ల మీద పేర్లు, అందులో చదవడానికి ఏముంది అనిపిస్తుంది. నేను మాత్రం ఆరో వచనం దగ్గర ఆగిపోతాను. సొలొమోను తల్లి పేరు బత్షెబ అని మత్తయికి తెలియక కాదు. ఆమె పేరు వదిలేసి ఊరియా భార్య అని రాశాడు. అప్పటికి ఊరియా చనిపోయి సుమారు వెయ్యేళ్ళయింది. అతణ్ణి చంపించిన దావీదును దేవుడు క్షమించి కూడా అంతే కాలమైంది. అయినా రక్షకుడి వంశంలో ఆ హతుడి పేరు చెరిగిపోకుండా ఉంది.

కథ అందరికీ తెలిసిందే, రెండవ సమూయేలు 11వ అధ్యాయం. సైన్యం వెళ్ళి అమ్మోనీయుల రబ్బాను ముట్టడించింది, రాజు యెరూషలేములో ఉండిపోయాడు. మిద్దె మీద నుంచి పరాయి ఇల్లాలైన బత్షెబను చూసి పిలిపించుకున్నాడు. ఆమె గర్భవతి అని కబురు రాగానే, సంగతి కప్పిపుచ్చడానికి ఆమె భర్త, హిత్తీయుడైన ఊరియాను యుద్ధం నుంచి రప్పించాడు. తోటివాళ్ళు గుడారాల్లో ఉంటే తాను ఇంటికి వెళ్ళి సుఖపడలేనని ఆ హిత్తీయుడు రాజనగరు వాకిట్లోనే పడుకున్నాడు. ఇశ్రాయేలీయుడు కాని మనిషికి ఉన్న నీతి ఇశ్రాయేలు రాజుకు లేకపోయింది. పోరు ఘోరంగా ఉన్నచోట ఇతణ్ణి నిలబెట్టి మీరు వెనక్కి రండి అని యోవాబుకు ఉత్తరం రాసి, ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు దావీదు.

తర్వాత నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి నిలదీశాడు. దావీదు ఒక్క మాటలో పాపం ఒప్పుకున్నాడు. ఆ వచనంలోనే, ఆ ఊపిరిలోనే, దేవుడు నీ పాపం తీసివేశాడు అనే అర్థం వచ్చే జవాబు ఉంది. ఉపవాసం లేదు, బలి లేదు, గడువు లేదు. బిడ్డ చనిపోవడం, ఆ ఇంటిని కత్తి విడిచిపెట్టకపోవడం తర్వాత అనుభవించినవి. క్షమాపణ వాటి కోసం ఆగలేదు.

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఊరియాను ఎవరడిగారు? ఈ సందర్భానిదని చెప్పే 51వ కీర్తనను సండే స్కూల్లో కంఠతా పట్టించారు. అందులో దావీదు తాను దేవునికి మాత్రమే విరోధంగా పాపం చేశానంటాడు. మరి గోడ కింద బాణాలకు పడిపోయినవాడి మాటేమిటి? కపెర్నహూములో పక్షవాయువుగల మనిషి పాపాలను యేసు క్షమించినప్పుడు శాస్త్రులు నొచ్చుకున్నారు, ఆ పని దేవుడొక్కడే చెయ్యగలడు కదా అని. నా ప్రశ్న ఇంకా ముందుకు పోతుంది. ఒకడికి తగిలిన దెబ్బను, దేవుడైనా సరే, వాడి తరఫున ఎలా క్షమిస్తాడు? విశ్వాసులు ఈ ప్రశ్నకు భయపడకూడదని నా నమ్మకం.

నాకు జవాబు దొరికింది సిలువ దగ్గరే. యేసు మరణం ఊరియా మరణం లాంటిదే. అధికారంలో ఉన్నవాళ్ళు తమ ఇబ్బంది తీర్చుకోవడానికి చంపించారు. వెంట ఉండాల్సినవాళ్ళు వెనక్కి తగ్గారు. చనిపోయింది పట్టణపు గోడ బయట. అంటే దేవుడు నేరం చేసినవాడికీ దెబ్బ తిన్నవాడికీ మధ్య పెద్దమనిషిగా కూర్చుని తీర్పు చెప్పలేదు, దెబ్బ తిన్నవాడి చోటికి వచ్చి తానే ఆ దెబ్బ తిన్నాడు. అల్పుల్లో ఒకడికి చేసింది తనకు చేసినట్టేనని మత్తయి 25లో ఆయన చెప్పిన మాటకు ఇంతకంటే లోతైన అర్థం నాకు తెలియదు. అలా చదివితే 51వ కీర్తన ఊరియాను పక్కకు నెట్టడం లేదు, ఊరియా మీద పడిన బాణం దేవునికి తగిలిందని ఒప్పుకుంటోంది. హతుడి తరఫున క్షమించే హక్కు హతుడై లేచినవాడికి ఉంది.

ఇది నిజమైతే మన గుళ్ళలో జరిగేది చూసి ఊరుకోలేం. తాగి ఇల్లు గుల్ల చేసుకున్న మనిషి సాక్ష్యం చెబుతాడు, ప్రభువు నన్ను క్షమించాడు అంటాడు, అందరూ హల్లెలూయా అంటారు. అతని చేత దెబ్బలు తిన్న భార్య అదే గుడిలో ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంటుంది. ఆమెను ఎవరూ మాట్లాడమనరు. ప్రభువే క్షమించాడు, నీదేముందమ్మా అని మాత్రం అంటారు. క్షమించమన్నది క్రీస్తు ఆజ్ఞే, సందేహం లేదు. అయితే అది ఆమె ప్రభువుతో తేల్చుకోవలసిన సంగతి, కొట్టినవాడు హక్కుగా అడిగేది కాదు. క్షమించినంత మాత్రాన న్యాయం ఆగిపోనక్కర్లేదు కూడా. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ అతని ఇద్దరు చిన్న కొడుకులనూ జీపులో సజీవదహనం చేశారు. అతని భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించింది. కేసు మాత్రం నడిచింది, ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణకూ ఆ శిక్షకూ మధ్య నాకు వైరుధ్యం కనబడదు.

క్షమాపణ పొందినవాడు ఏం చెయ్యాలో చూపించడానికి యెరికోలో జక్కయ్య ఉన్నాడు, సుంకరుల పెద్ద. యేసు అతణ్ణి ముందు లెక్కలు సరిచెయ్యమనలేదు, మీ ఇంటికి వస్తానన్నాడు. ఆ ఆదరణకే అతను కదిలిపోయి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నాతాను చెప్పిన గొర్రెపిల్ల కథ విని దావీదు మండిపడి చెప్పిన తీర్పు కూడా నాలుగంతలే. దావీదు తిరిగివ్వాల్సినవాడు మట్టిలో ఉన్నాడు. జక్కయ్య మోసం చేసినవాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారు, తలుపు తట్టి ఇవ్వొచ్చు. మనలో ఎక్కువమందిమి జక్కయ్య స్థితిలోనే ఉన్నాం. పొలం గట్టు జరిపి మనం దగా చేసిన అన్నదమ్ములు, జీతం ఎగ్గొట్టిన పనివాళ్ళు, నోటికొచ్చినట్టు తిట్టిన ఇల్లాలు బతికే ఉన్నారు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్ళమన్న ప్రభువు మనకు వేరే దారి ఉంచలేదు.

పాస్టరుగార్లకు నా విన్నపం ఒకటే. సాక్ష్యం చెబుతానని లేచినవాళ్ళకు మైకు ఇచ్చే ముందు, వాళ్ళు ప్రభువు బల్లలో చెయ్యి వేసే ముందు, మెల్లగా ఒక మాట అడగండి: నువ్వు అన్యాయం చేసిన మనిషి దగ్గరికి వెళ్ళి వచ్చావా?