పెద్దల సేవ: కోరుట, నిలుపుకొనుట

సంఘసేవకు పెద్దలు ముందుకు వచ్చుట లేదను మాట పలు ఊళ్లలో వినవచ్చుచున్నది. అంగడి కుమారులకు అప్పగించి తీరికగా నున్నవారు ఇందరుండగా సేవకు మనుష్యులు దొరకరేల? జవాబు పెద్దల మనసులో గాక, వారిని పిలుచు తీరులో వెదకుట మేలు.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున తొమ్మిదవ అధ్యాయము వైయావృత్యమును, అనగా సేవను, ఆరు అభ్యంతర తపస్సులలో నొకటిగా చెప్పినది. ఆరవ అధ్యాయమున తీర్థంకర నామకర్మకు హేతువులైన 16 భావనలలోను అది కలదు. త్యాగమును తపస్సును శక్తి కొలది చేయవలెనను మాటయు అచ్చటనే కలదు. సేవ తపస్సైనచో ఆ మాట దానికిని వర్తింపవలెను గదా! కాని జరుగునదేమి? పెద్దాయనను వేదికపై కూర్చుండబెట్టి శాలువ కప్పుదురు. లేదా ఉదయమే రసీదు పుస్తకము చేతికిచ్చి రాత్రివరకు మరచిపోదురు. మొదటిది అలంకారము, రెండవది చాకిరి.

శ్వేతాంబరుల ఆయంబిల్ ఓళీనే చూడుడు. చైత్ర, ఆశ్వయుజములలో తొమ్మిదేసి దినములు నెయ్యి, నూనె, పాలు, పెరుగు, బెల్లము తగులని వంట. ఏ పప్పు ఎట్లు వండిన నియమము చెడదో, త్రాగునీరు ఎట్లు కాచి చల్లార్చవలెనో ముసలమ్మలకు తెలిసినట్లు కార్యవర్గమునకు తెలియదు. అయినను సేవకుల పట్టికలో ఆ తల్లుల పేర్లుండుట అరుదు. గిన్నె ఇచ్చిన దాత పేరు మాత్రము గిన్నెమీదనే చెక్కియుండును. నగదు జమ యగును, శ్రమ జమ కాదు. వ్యాపారులకు ఇది వింత లెక్క! మరుసటి ఓళీకి మోకాళ్లనొప్పి యని ఒకామె రాదు. నొప్పి నిజమే. కాని పొయ్యియొద్ద ఎత్తుపీట వేసి, బరువులెత్తుటకు ఒక కుర్రవానిని తోడిచ్చి, ఆటోలో ఇల్లు చేర్చినచో వచ్చెదవా యని ఆమెను ఎవరును అడుగలేదు.

ఇంతకంటె కఠినమైనది మరొకటి కలదు. చూపు మందగించిన పెద్ద చేతిలో లెక్క తప్పినచో నేమి చేయవలెను? దేవద్రవ్యమున పైసా తేడా రారాదు. గౌరవము పేర ఊరకుండుట ధర్మము కాదు. అట్లని నలుగురిలో చిట్టా లాగుకొనుట, చేయి తగులకున్నను, హింసయే. తప్పు రాకమునుపే ఇంటికి పోయి మాటాడవలెను. చిట్టా యువకుడు వ్రాయవచ్చును; ప్రక్కన కూర్చుండి పాత దాతల వివరములు పెద్దాయన చెప్పవచ్చును. ఏ కుటుంబము ఏ తిథికి ఏమి ఒప్పుకొన్నదో పుస్తకమున కంటె ఆయన జ్ఞాపకముననే ఎక్కువగా నుండును.

ఇక మానుకొను స్వేచ్ఛ. వైయావృత్యమునకు పాత్రులని సూత్రము చెప్పిన పదిమందిలో గ్లానుడు, అనగా రోగియు, ఒకడు. నేడు వడ్డించిన చేయి రేపు మంచము పట్టవచ్చును. అట్లు మంచము పట్టినవాని ఇంటికి సంఘమువారు పోయిరా, లేదా యని, ఇంకను సేవలో నున్న అతని ఈడువారు గమనించుచునే యుందురు.